జోగ్జా చూసి వచ్చిన గొంతు

బొమ్మలత్త పోయిందన్న కబురు నాకు మాచర్ల బస్సు కండక్టరు చెప్పాడు. చెప్పటమైనా సరిగ్గా చెప్పాడా? "సాయిబూ, ఆ తోలుబొమ్మలాటాయన పెళ్ళాం లేదూ, ఆమె పోయిందంట" అన్నాడు, టిక్కెట్ల అట్టతో వీపు గోక్కుంటూ. నాకు ఒళ్ళు మండింది. చేతిలో కత్తెర బల్ల మీద పెట్టి, "ఒరేయ్, ఆమె ఆయన పెళ్ళాం కాదు. ఆయన ఆమె మొగుడు. ఇంకో ఊళ్ళో చెప్పేటప్పుడన్నా ఇట్టా చెప్పు" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "రెండూ ఒకటే గదా" అని బస్సెక్కి ఈల వేసుకుంటూ పోయాడు.

రెండూ ఒకటి కాదు. వాడు కుర్రవాడు, వాడికేం తెలుసు. కారంపూడిలో నా వయసువాళ్ళను ఎవరినైనా అడగండి, చెబుతారు. కాకపోతే నా అంత బాగా చెప్పలేరు. ఎందుకంటే ఆ కథలో గుడ్డ నాది, కుట్టు నాది.

మనిషిని చూస్తే ఏమీ ఉండేది కాదు. ఆమె ఆది జాకెట్టు బల్ల మీద పెడితే బడికిపోయే పిల్లదేమో అనుకునేవాడిని. చేతులు మాత్రం పొడుగు. మణికట్టు దగ్గర నరాలు తాళ్ళలాగా తేలి ఉండేవి. ఎడమ బుగ్గలో ఎప్పుడూ ఒక మిరియపు గింజ. వక్క నమలదు, ఆకు వేసుకోదు, మిరియం నములుతుంది. కొట్లోకి వచ్చిందంటే రమ్మని పిలిచేదాకా ఆగేది కాదు. నా మిషను ముందున్న ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, దండెం మీది బట్టలన్నిటికీ పేరు పేరునా వంకలు పెట్టేది. "ఇదెవరి చొక్కా అల్లుడూ? చంకలో బిగుసుకుపోయిద్ది. ఇదెవరి లంగా? కుచ్చిళ్ళు తక్కువేశావు, గుడ్డ నొక్కేశావు గదా." కొట్లో బేరాలు ఉన్నప్పుడే అనేది ఈ మాట, కావాలనే.

అల్లుడూ అనేది ఎందుకంటే మా అబ్బా ఆమెను చెల్లెమ్మా అనేవాడు. ఆ లెక్కన ఆమె నాకు అత్త. మేం దూదేకుల సాయిబులం. వాళ్ళు ఇంట్లో ఆరె భాష, అదే మరాఠీ, మాట్లాడుకునే బొమ్మలాటవాళ్ళు. అయినా వరస వరసే. పోయేటప్పుడు కత్తిరింపు పీలికలు మూటగట్టుకుని పోయేది, బొమ్మల పుల్లలకు చుట్టటానికి. నేను ఇవ్వటం కాదు, ఆమె తీసుకోవటమే.

బొమ్మలను పేరు పెట్టి పిలిచేది కాదు. ఆట మొదలయ్యేదాకా వాళ్ళు దేవుళ్ళు, రాజులు కారు, ఇంట్లో మనుషులు. పెద్దాయన, చిన్నాయన, తల్లి, తోకాయన, పదితలకాయలాయన. పెట్టెలో పెట్టేటప్పుడు పెద్దాయన మీద పదితలకాయలాయన్ని పెట్టకూడదు, పోట్లాడుకుంటారు. మధ్యలో తల్లిని అసలే పెట్టకూడదు. వానాకాలంలో బొమ్మలు మెత్తబడితే కుంపటి దగ్గర కాచేది, పసిపిల్లలకు కాపడం పెట్టినట్టే.

ఇక మొగుడు. నేను మామా అనేవాడిని. ఎత్తుగా, మీసాలతో, దేవుడి పటంలో ద్వారపాలకుడిలా ఉండేవాడు. మద్దెల ఆయనది, మేళం పేరు ఆయనది. ఏ ఊళ్ళో ఆట ఆడినా పొద్దున్నే ఊరి పెద్దలు వచ్చి, "ఏం గొంతయ్యా నీది, ఆ పదితలల రాజు నవ్వుతుంటే మా గొడ్లు పలుపులు తెంచుకున్నయి" అని ఆయన భుజాన కండువా కప్పేవాళ్ళు. ఆయన తల వంచుకుని కప్పించుకునేవాడు. ఎంత అణకువ గల మనిషో అని నేను కూడా మురిసిపోయేవాడిని.

ఒకసారి ఆమెతోనే అన్నాను. "అత్తా, మామ గొంతు ఈ పల్నాడు మొత్తంలో లేదు" అని. ఆమె బుగ్గలో మిరియం అటు నుంచి ఇటు మార్చి, "అవునురా. ఆ గొంతును నేనే మేపుతన్నా, మిరియాలు పెట్టి" అంది. భార్య కదా, భర్తకు మిరియాల కషాయం కాచి ఇస్తుంది కాబోలు అనుకున్నాను. నమిలేది ఆమె అన్న సంగతి కళ్ళెదుటే ఉన్నా నాకు తట్టలేదు.

సాగర్ దగ్గర డ్యాము పని మొదలై, మాచర్ల రోడ్డంతా లారీల దుమ్ముగా ఉన్న రోజులవి. నరసరావుపేటలో ఈ మేళం ఆట చూసిన ఢిల్లీ కోటాయన ఒకడు, అంటే కోటు తొడుక్కున్న సర్కారు ఆఫీసరు, జావా దేశానికి పంపే కళాకారుల్లో వీళ్ళనూ కలిపాడు. అక్కడ జోగ్జకార్తా అని పాత రాజధాని ఉందట, పొట్టిగా జోగ్జా అంటారట. ఆ ఊరివాళ్ళకు కూడా తోలుబొమ్మలాటే ప్రాణమట. మద్రాసులో ఓడ ఎక్కాలి. ఊరంతా ఈ కబురే. ఆమె మాత్రం కబురు కోసం రాలేదు, గుడ్డ కోసం వచ్చింది.

"తెర ఉంది. వెనక గుడ్డ పాతబడింది. కొత్తది కుట్టు."

వెనక గుడ్డ అంటే ఏమిటో చెబుతాను. బొమ్మలాటకు ముందు తెల్లతెర ఒకటి అందరికీ తెలుసు, దాని మీదే బొమ్మ కనపడేది. ఆడేవాళ్ళు ఆ తెర వెనక నిలబడి ఆడతారు. వాళ్ళ వీపు వైపు, పక్కల, నల్లటి ముతక గుడ్డతో గుడారంలా మూసేస్తారు. లోపల ఏం జరుగుతుందో ఊళ్ళో ఎవడూ చూడకూడదు. చీరలు ఎగ్గట్టి, కాళ్ళ కింద చెక్కలు వేసి తొక్కుతూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ, చంకలో పిల్లతో ఆడే ఆట అది. పైగా పక్క మేళాలవాళ్ళు దొంగతనంగా వచ్చి పని నేర్చుకుపోతారని ఒక భయం. ఆ గుడ్డ ఎత్తి తొంగిచూసినవాడికి చెక్కతో మోకాలు పగిలేది.

నేను రెండు మడతలు వేసి, కుట్టు మీద కుట్టు వేసి ఇచ్చాను. ఆమె దాన్ని తీసుకుని కొట్టు బయట ఎర్రటి ఎండలో నిలబడి, నెత్తి మీద నుంచి కాళ్ళదాకా ముసుగేసుకుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా నోళ్ళు తెరిచి చూస్తున్నారు. నల్లటి మూట ఒకటి నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది. లోపల నుంచి మాట వచ్చింది. "ఇక్కడ చుక్క కనపడతంది అల్లుడూ, వెలుతురు. సూది పడ్డ చోట." నేను మళ్ళీ కుట్టాను. మళ్ళీ ముసుగేసుకుంది. ఈసారి చీకటిగా ఉందంది. ఇంత పట్టింపు ఎందుకో నాకు అర్థం కాలేదు. మరుగు అంటే ఆడవాళ్ళకు ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాను.

వెళ్ళారు, వచ్చారు. వచ్చింది మాత్రం వెళ్ళిన మనిషి కాదు. అంతకుముందు బట్టలకు వంకలు పెట్టి పోయే మనిషి, ఇప్పుడు పీట మీద కూర్చుంటే లేవదు. జోగ్జా, జోగ్జా, జోగ్జా. చొక్కా కొలతకు వచ్చినవాళ్ళు కొలత మర్చిపోయి కూర్చునేవాళ్ళు.

ఆమె చెప్పే జోగ్జా ఇదీ. ఊరి నెత్తిన ఒక కొండ, పొద్దస్తమానం పొగ వదులుతూ ఉంటుంది, మీ మామ బీడీ తాగినట్టు. ఊరి నడుమ తెల్లటి గోడల కోట. ఆ గోడల లోపల ఇంకో ఊరు, అందులో రాజుగారు. రిక్షాలో మనం ముందు కూర్చుంటే తొక్కేవాడు మన వీపు వెనక ఉంటాడు. "ఉన్నాడో దిగిపోయాడో తెలవదు. నేను తిరిగి తిరిగి చూస్తానే ఉన్నా." పనసకాయ కూరలో బెల్లం వేస్తారు. "మర్యాదకి తిన్నా. బసకొచ్చి కారం నాలిక్కి రాసుకున్నా." ఇత్తడి గంటలూ పళ్ళేలూ వరసగా పేర్చి ఊరంత మేళం కూర్చుని వాయిస్తుంది, ఒక్కడికీ తొందర లేదు. ఊరి బయట రాతిగుళ్ళ గోడల మీద మన కథే చెక్కి ఉంది. తోకాయన్ని చూడగానే ఆమె ఆ రాతిని తడిమి, "నువ్వు ఇక్కడికి గూడా దూకావా అయ్యా" అన్నదట.

నాకు ఒక గుడ్డ తెచ్చింది. గోధుమరంగు మీద నీలం పూలు, ఆడవాళ్ళు కూర్చుని మైనంతో చుక్క చుక్కా పెట్టి అద్దినది. నేను అలవాటు కొద్దీ తిరగేసి అడుగు వైపు ఏదో చూశాను. తెలియలేదు. వెలుతురుకు పెట్టి చూశాను. దారం పట్టి చూశాను. రెండు వైపులా ఒకే రంగు, ఒకే పువ్వు. కొట్లో పుట్టి కొట్లో పెరిగినవాడిని, గుడ్డకు మంచి వైపు ఏదో తేల్చుకోలేక కూర్చున్నాను.

"వెతకమాక," అంది. "దానికి వెనక లేదు. రెండేపులా అద్దుతారు. నేనూ అడిగా, కనపడని వైపు ఎందుకమ్మా ఇంత కష్టమని. ఆ పిల్ల నవ్వింది."

బేరాలు వెళ్ళిపోయాయి. మామ బయట గుంజకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. అప్పుడు చెప్పింది నాకు అసలు సంగతి.

ఎప్పుడో ఒక చలికాలం మామకు జ్వరం వచ్చి గొంతు పోయింది. మళ్ళీ వచ్చింది గానీ మాట్లాడటానికి మాత్రమే, అరవటానికి కాదు. మేళంలో మగగొంతు మగాడే పలకాలి, ఆడగొంతు ఆడది పలకాలి, అది కట్టడి. అందులోనూ పదితలకాయలాయన్ని ఆడది పలికిందంటే ఊరికి అరిష్టమంటారు, ఇక ఆట పిలవరు. ఆట లేకపోతే మేళం మొత్తం పస్తు. అందుకని గుడ్డ చాటున ఆమె పలకటం మొదలుపెట్టింది. రాజు నవ్వు ఆమెది, రాజు గర్జన ఆమెది, తొక్కుడు ఆమెది. పొద్దున్నే కండువా ఆయనది.

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. "మరి నాతో అన్నా చెప్పొచ్చు గదా అత్తా" అన్నాను.

"చెప్తే నువ్వు కొట్టుకి వచ్చిన ప్రతోడికీ కుట్టి ఇచ్చేవాడివి" అంది.

జోగ్జాలో వీళ్ళ ఆట కోట బయట ఒక మండపంలో పెట్టారు. స్తంభాలే గానీ గోడలు లేవు. ఆమె నా నల్లగుడ్డ కట్టించి, బొమ్మలను కుంపటి దగ్గర కాచుకుని, పొద్దు గూకేవేళకు వచ్చి చూస్తే గుడ్డ లేదు. ఊడదీసి, చక్కగా మడతపెట్టి, పక్కన పెట్టారు. దాని చోట చాపలు పరిచారు. చాపల మీద ముసలివాళ్ళు, తలపాగాలు చుట్టుకుని, వీపున చిన్న కత్తి దోపుకుని, వీళ్ళు ఆడే చోటికి ఎదురుగా బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు.

ఇంకెవరైనా అయితే ఏమనుకునేవాళ్ళో. మా అత్తకు మాత్రం ఒకటే తోచింది. పక్క మేళంవాళ్ళు, పని దొంగిలించటానికి వచ్చారు.

"కాలి చెక్క తీసి చేత పట్టుకున్నా" అని చెబుతుంది, పీట మీద నుంచి లేచి, నా గజం బద్ద చేత పట్టుకుని. "అందరికన్నా ముందు కూకున్న ముసలాయన మీదికి పోయి, ఏ ఊరి మేళమయ్యా మీది, సిగ్గు లేదా, లెయ్యి అంటన్నా. ఆయన చేతులు జోడించి నవ్వుతా ఇంకాస్త సర్దుకొని కూకున్నాడు. ఢిల్లీ కోటాయన పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అమ్మా, వీళ్ళు పెద్దమనుషులు, ఇక్కడ గొప్పోళ్ళను వెనకే కూర్చోబెడతారు, అది వీళ్ళ మర్యాద అన్నాడు. మరి ఈయనెవరయ్యా అన్నా. ఈయనే ఈ ఊళ్ళో పెద్ద బొమ్మలాటాయన అన్నాడు." ఇక్కడ ఆగి నా వంక గర్వంగా చూసేది. "చూశావా. మేళమోడే గదా. నేనేమన్నా తప్పు పట్టానా?"

సరే, మర్యాద సంగతి తేలింది. గొంతు సంగతి తేలలేదు. ఇంతమంది ఎదుట, గుడ్డ లేకుండా, పదితలకాయలాయన్ని ఎవరు పలకాలి? మామ చెమటలు పట్టిపోయి, "ఆపేద్దామే, ఒంట్లో బాగాలేదని చెబుదాం" అన్నాడు. ఆమె వినలేదు. పోనీ నేనే పలుకుతానని ఆయన మొదలుపెట్టాడు. మొదటి మాటకే గొంతు జీరపోయి దగ్గు తెర పట్టుకుంది. తెర మీద పదితలలతో రాజు నిలబడి ఉన్నాడు, రంగులు వెలుగుతున్నాయి, మాట మాత్రం లేదు. తెర ముందు జనం, వెనక పెద్దలు, అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఆ ముసలాయన వంక చూశా అల్లుడూ. ఆయన నా మొహం చూట్టంలా. చేతులు చూస్తన్నాడు. పని తెలిసినోడు ఎక్కడ చూడాలో అక్కడే చూస్తన్నాడు. గుడ్డ ఎట్టాగూ ఊడింది, ఇంక దాచేదేముందిలే అనుకున్నా. మీ మామ చేతిలోది లాక్కున్నా."

లాక్కుని, గర్జించింది. మండపం చూరులో పావురాలన్నీ ఎగిరిపోయాయట. కాళ్ళ కింద చెక్కలు పగిలేట్టు తొక్కింది. వెనక కూర్చున్న ముసలివాళ్ళు చాపలతో సహా ముందుకు జరిగారు. ఆట అయ్యేసరికి ఆ ముసలాయన ఆమె చెక్కలకు అంగుళం దూరంలో ఉన్నాడు. లేచి, ఆ చెక్క అడిగి తీసుకుని, తన కాలి కింద వేసుకుని ఒకసారి తొక్కి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత కోటాయనతో ఏదో చెప్పాడు. కోటాయన ఆమెకు చెప్పాడు. "ముందు కూర్చున్నవాళ్ళకు రాజు కనపడ్డాడు. మాకు రాజూ కనపడ్డాడు, ఆ రాజును పలికిస్తున్న తల్లీ కనపడింది. మాదే అదృష్టం అంటున్నాడు."

మర్నాడు ఆ ముసలాయన ఆట. ఆమెను వెనకే కూర్చోబెట్టారు, గొప్పవాళ్ళ చాప మీద. ఆయన అటు నమాజు చేసుకుని వచ్చి ఇటు మన కథ ఎత్తుకున్నాడని ఆమె చెబితే మా అబ్బా, "మావాడన్నమాట" అని గడ్డం దువ్వుకున్నాడు. వాళ్ళది గేదెతోలు బొమ్మ, మూరెడే ఉంటుంది, వెలుతురు పోనివ్వదు. తెర అవతల నల్లనీడే కనపడుతుంది. మరి నీడకు ఇంత బంగారు పూత, ఇన్ని రంగులు ఎందుకని ఆమె మొదట విస్తుపోయిందట. వెనక కూర్చున్నాక తెలిసింది, ఆ రంగులన్నీ వెనకవాళ్ళ కోసమేనని. ఆయన ఒక్కడే అన్ని గొంతులూ పలికాడు. రాజులూ ఆయనే, రాణులూ ఆయనే.

"తల్లి ఏడుపు ఆయనే ఏడిచాడురా. మీసాలోడు. నా కళ్ళ ముందరే కూకొని ఏడుస్తన్నాడు. మగాడని కనపడతానే ఉంది. అయినా నాకు కళ్ళనీళ్ళు ఆగలా. అంతా చూస్తానే నమ్మా. మరి మనూళ్ళో వాళ్ళకు కళ్ళు లేవా?"

అని, సంచిలోంచి నా నల్లగుడ్డ తీసి బల్ల మీద పడేసింది.

"చించు. లంగాలు కుట్టు మా పిల్లలకు."

నాకు ప్రాణం ఉసూరుమంది. కుట్టు మీద కుట్టు వేసిన గుడ్డ. సముద్రం దాటి చిరుగు లేకుండా వచ్చిన గుడ్డ. "తొందరపడొద్దు అత్తా, మామను అడిగావా" అన్నాను. ఆయన బయట నుంచే అన్నాడు, బీడీ కింద వేసి తొక్కుతూ. "భయంగానే ఉందిరా. ఆటలు పోతే ఏం తింటామో తెలవదు. కానీ ఒరేయ్, నాది కాని పొగడ్త మోసి మోసి నాకు భుజాలు పడిపోయినయి. చించెయ్యి." ఆ మాటతో ఆ మనిషి మీద నాకు అంతకుముందు లేని గౌరవం కలిగింది. ఇక కత్తెర పట్టుకున్నాను. అంచున చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే, ముతకగుడ్డ కదా, బస్టాండు దాకా వినపడింది ఆ చప్పుడు. ఒక ముక్క నేను ఉంచుకున్నాను. మిషను మీద కప్పేది ఇప్పటికీ అదే.

కళ్ళాల్లో మిరపకాయలు ఎండి ఇళ్ళకు చేరగానే కారంపూడిలో ఏటా ఆట పెట్టించే పెద్దమనిషి ఒకడు ఉండేవాడు. మిరపతోటల ఆసామి. మామకు అందరికన్నా ఎక్కువ కండువాలు కప్పింది ఆయనే. ఆయన మాట అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ చెల్లుబాటు. ఆయన పిలిస్తే మిగతావాళ్ళూ పిలుస్తారు, ఆయన మానేస్తే అందరూ మానేస్తారు. జోగ్జా పోయి వచ్చిన మేళమని ఆ ఏడు రెట్టింపు సంబరంగా, ముందు వరసలో తన పడక కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. చూస్తే తెర ఉంది గానీ వెనక గుడ్డ లేదు. లోపల మద్దెల, పెట్టె, కుంపటి, చీర బిగించుకుంటున్న మా అత్త, అన్నీ బయటికే.

"ఏందమ్మా ఇది, వెనక బోడిగా ఉంది? దీపాలకు గాలి కొట్టుద్ది" అన్నాడు.

ఆమె ఎంతో వినయంగా వచ్చి నిలబడింది. ఆ వినయం చూడగానే నాకు అనుమానం వచ్చింది, ఆమెకు అలవాటు లేని పని అది. "అయ్యా, తమరు ఇక్కడ కూకున్నారేంది? జోగ్జాలో రాజుగారి చుట్టాలంతా వెనకే కూకుంటారు. ముందు కూకునేది పిల్లకాయలు, దారిన పోయేవాళ్ళు. నాకెందుకులెండి. తమ ఇష్టం."

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక పక్కన కరణం, ఇంకో పక్కన మిల్లు షావుకారు. షావుకారు అప్పటికే తన కుర్చీ చేత్తో పట్టుకుని లేచాడు. అంతే, ఆసామి పడక కుర్చీ గాల్లోకి లేచింది. నలుగురు మోసుకుని వెనక్కి చేర్చారు. పెద్దమనుషులందరూ ఒకరినొకరు తోసుకుంటూ వెనక చోటు పట్టారు. నేను మామ మద్దెల పక్కన నేల మీద చతికిలబడ్డాను. మామ మద్దెల తాళ్ళు బిగించి, మళ్ళీ వదులు చేస్తున్నాడు. "ఏమైద్దిరా?" అన్నాడు నాతో నెమ్మదిగా. నాకేం తెలుసు.

తల్లి వచ్చింది, పెద్దాయన వచ్చాడు, చిన్నాయన వచ్చాడు. పెద్దమనుషులు పుల్లలూ చేతులూ చూస్తూ వింతపోతున్నారు. ఆ తర్వాత మా అత్త బుగ్గలో మిరియం చటుక్కున కొరికింది. పదితలకాయలాయన్ని రెండు చేతులా ఎత్తింది. ఆమె కన్నా ఎత్తు బొమ్మ అది. కాళ్ళ కింద చెక్కలు ఒక్కసారి తొక్కి నవ్వింది.

ఆ నవ్వు నేను ఎన్నోసార్లు విన్నాను, తెర ముందు కూర్చుని. అది ఎక్కడి నుంచి వస్తుందో అప్పుడే చూశాను. ఆ సన్నటి మెడలో నరాలు పొంగి, వీపు విల్లులా వంగి, మడమ నుంచి లేచి వస్తోంది. చెప్పుకోవటానికి సిగ్గేమీ లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆసామి కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. ఆమె మెడ వంక చూశాడు, మామ మూసిన నోటి వంక చూశాడు. ఘట్టం ముగిసి మద్దెల ఆగింది. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. అరిష్టం అనే మాట ఆయన నోట వస్తే ఆ మేళానికి అదే ఆఖరి ఆట.

"ఏమయ్యా," అన్నాడు మామతో. "ఇన్నేళ్ళూ నా కండువాలన్నీ ఎవరి భుజాన కప్పాను నేను?"

"కప్పింది తమరే గదయ్యా," అన్నాడు మామ. "నాదని నేను ఏనాడూ అన్లేదు."

ఆసామి భుజాన కొత్త కండువా ఉంది. చేతిలోకి తీసుకున్నాడు. పరాయి ఆడమనిషి భుజాన కప్పటం మా ఊళ్ళల్లో లేని పని, ఏం చేయాలో ఆయనకు తోచలేదు. అప్పుడు ఆమె తెర వంక నుంచి తల తిప్పకుండానే, పదితలల రాజు గొంతుతో, "ఇటు తే" అంది. తెండి కాదు, తే. రాజు కదా మరి. బొమ్మ చేయి ఒకటి వెనక్కి చాపింది. ఆసామి కాసేపు చూసి, పగలబడి నవ్వి, లేచి వెళ్ళి, ఆ బొమ్మ చేతి మీద కండువా వేశాడు. "కారంపూడిలోనే గాదమ్మా, ఈపూరులో మా వియ్యంకుడి ఊళ్ళో కూడా నువ్వే ఆడాలి, ఇట్టానే ఆడాలి, గుడ్డ గిడ్డ కడితే నేనొచ్చి పీకేస్తా" అన్నాడు. మామ మద్దెల మీద తల ఆనించి, చిన్నగా నవ్వుకుంటున్నాడు. ఆయన భుజాలు ఖాళీగా ఉన్నాయి.

ఆ తర్వాత కోటప్పకొండ తిరునాళ్ళలో, గురజాలలో, అన్ని చోట్లా వెనక చోటు కోసం తగువులే. జోగ్జా ఆట అనేవాళ్ళు. వెనక గుడ్డ కట్టిన మేళాన్ని చూసి, వీళ్ళేదో దాస్తున్నారర్రా అనేదాకా వచ్చింది. అదంతా వేరే సంగతి.

నాకు మాత్రం ఆ మొదటి సాయంత్రమే గుర్తు. కండువా కబురు ముందువైపు జనానికి పాకింది. రాజు గొంతు ఆడమనిషిదంట, మనకు తెలిసిన ఆ సన్నటామేనంట అని గుసగుస. మొదట పిల్లలు తెర పక్క నుంచి తొంగి చూశారు. తర్వాత తల్లులు. తర్వాత ముసలివాళ్ళు కర్రలతో. చూస్తూ చూస్తూ ఉండగానే ఊరు ఊరంతా తెర చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేసింది. ముందువైపు ఖాళీ చాపలు, దీపం వెలుగు, అంతే. మా అత్త పదితలకాయలాయన్ని ఎత్తి పట్టుకుని ఒకసారి మెడ తిప్పి మా అందరి వంకా చూసింది. చెమటతో మొహం మెరిసిపోతోంది. కండువా నడుముకు బిగించి ఉంది. ఎంత సంతోషాన్ని ఆపుకుంటోందో, కోపం తెచ్చిపెట్టుకుని, ఈసారి రాజు గొంతుతో కాదు, తన సొంత గొంతుతోనే అరిచింది.

"ఒరేయ్, కొంతమందన్నా ముందుకు పోండిరా, బొమ్మలు గూడా చూడండి."